ఆరు నెలల స్టేట్‌మెంటులో అన్నం లేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. నేను మీకు తెలిసినవాణ్ణే, బస్టాండు వెనక సందులో బోరు మోటార్లకు వైండింగు చేసే దేవదానాన్ని. ఇన్నేళ్ళూ ఈ మందిరంలో నేను వెనక వరుసలో గుమ్మం పక్కనే ఎందుకు కూర్చున్నానో మీకెవరికీ తెలియదు, బయట విడిచిన నా చెప్పులు ఎవరు తొడుక్కుపోతారోనని! నవ్వుతున్నారు కదా, నవ్వండి, కానీ అదే నా జబ్బు. ఈ చోట నిలబడి కొందరు తాగుడు నుంచి విడుదల పొందామని చెప్పారు, కొందరు కిడ్నీల జబ్బు నుంచి లేచామని చెప్పారు, నా జబ్బుకు మాత్రం ఏ దవాఖానలోనూ పరీక్ష లేదు, ఎక్స్‌రేలో కనబడదు, జ్వరం రాదు. దాని పేరు అనుమానం. రెండేళ్ళు అది నన్ను తిన్నది, నాకు అన్నం పెట్టే మనిషిని కూడా తిన్నది.

నా భార్య సువార్త మీ అందరికీ తెలుసు, ఇక్కడే నర్సుగా చేసి, పరీక్షలు రాసి, ఐర్లాండు దేశంలో ముసలివాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమంలో ఉద్యోగానికి పోయింది. పోయేరోజు పెట్టెలో బట్టల మధ్య మన పిడికెడు బియ్యం డబ్బా పెట్టుకుంది. మన సంఘంలో ప్రతి ఇంట్లో అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి దేవునికని డబ్బాలో వేస్తాం కదా, అదే, మూత వంకరపోయిన పాలపొడి డబ్బా. "గాడ ఎవరికిస్తవే బియ్యం?" అని నేను ఎగతాళి చేశాను. "దేవుడు గాడ లేడా ఏంది?" అన్నది. అప్పటికి మా మధ్య ఏ అనుమానమూ లేదు, స్తోత్రం!

తర్వాత నేను పోవాలి. అక్కడి పద్ధతి ఏమిటంటే, భర్తను పిలిపించుకోవాలంటే భార్య తన జీతంతోనే అతన్ని పోషించగలనని, ఆ ప్రభుత్వం ముందు చెయ్యి చాపనని కాగితాల మీద రుజువు చూపించాలి. జీతం చీటీలు కావాలి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు కావాలి, అందులో డబ్బు నిలకడగా కనబడాలి. ఈ మాట నా షాపుకు వచ్చే హవేలిఘనపూర్ రైతులకు ఎట్లా తెలిసిందో తెలియదు గాని, మోటారు దింపుతూనే "ఏం దేవదానం, పెండ్లాం సాకుతదని రాసిస్తేనే తీస్కపోతరంట గదా?" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ సహోదరులారా, ఆ నవ్వు గొంతులో ముల్లులా దిగింది, మగాణ్ణి కదా, నన్ను సాకడానికి ఒక ఆడమనిషి రుజువు చూపించడమేమిటి! అక్కడ మొదలైంది నా జబ్బు.

సువార్తేమో "జర ఆగు, ఖాతా మంచిగ కనబడనీ" అంటుంది. మూడు నెలలు ఆగాను. "ఇంకా జరంత ఆగు" అంది. ఎందుకు ఆగాలి? నన్ను రానివ్వడం ఇష్టం లేదా? మోటారు కాలితే కప్పు విప్పకముందే నాకు వాసన తెలుస్తుంది, రైతు "ఉత్తగనే ఆగిపోయింది" అన్నా నేను నమ్మను. అదే ముక్కుతో నా భార్య మాటలు వాసన చూడటం మొదలుపెట్టాను. వీడియో ఫోను చేసినప్పుడు ఆమె ముఖం చూడను, ఆమె వెనక గది చూస్తాను. గ్లాసులు ఎన్ని ఉన్నాయి? తలుపు ఎందుకు మూసి ఉంది? ఆ కోటు ఎవరిది? డ్యూటీలో ఉన్నానంటే ఆశ్రమంలో టీవీ చప్పుడు వినిపిస్తుందా లేదా అని చెవి పెడతాను. అలసిపోయి తొందరగా ఫోను పెట్టేస్తే ఎవరో వచ్చారనుకుంటాను, పెట్టేయకపోతే తప్పు కప్పిపుచ్చుకోవడానికి మాట్లాడుతోందనుకుంటాను. ఎటు తిప్పినా తప్పే! "చిక్కిపోయినవేందే?" అని ఒకసారి అడిగాను, ప్రేమతో కాదు, ఎవరికోసం చిక్కిపోయావని. దేవుడు నన్ను క్షమించును గాక.

అట్లా రెండేళ్ళు కావస్తుంటే చివరికి ఆరు నెలల స్టేట్‌మెంటు పంపింది. జిరాక్సు షాపులో ప్రింటు తీయిస్తుంటే ఆ షాపతను కాగితం వైపు చూస్తున్నాడని అతని మీద కూడా కోపం వచ్చింది. మా షాపులో షట్టరు సగం దించి, ఎర్ర పెన్ను పట్టుకొని వరుసవరుసా చదివాను. జీతం వచ్చింది, సరే. గది కిరాయి పోయింది, సరే. బస్సు కార్డు, ఫోను బిల్లు, నాకు పంపిన డబ్బు, అన్నీ సరే. మళ్ళీ మొదటి నుంచి చదివాను. సహోదరులారా, ఆరు నెలల్లో తిండికి పెట్టిన ఖర్చు లేదు! బియ్యం లేదు, కూరగాయలు లేవు, పాలు లేవు, ఒక్క రొట్టె కొన్న గుర్తు లేదు. అక్కడ టీ తాగినా కార్డుతోనే డబ్బు కడతారని తనే చెప్పింది. మనిషన్నాక తినాలి కదా? తన డబ్బుతో తినకపోతే ఎవరి డబ్బుతో తింటోంది? ఎవరింట్లో తింటోంది? నాకు మోటారులో కాయిలు మాడిన వాసన గుప్పుమన్నది.

అడిగానా? అడగలేదు. అనుమానం ఉన్నవాడికి జవాబు అక్కరలేదు, ఇంకా ఇంకా అనుమానమే కావాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండి, పక్కన లేయమ్మ పెద్దమ్మ మన సంఘంలోని రోగులందరి పేర్లూ ఎత్తి ప్రార్థిస్తుంటే, నేను లోలోపల "ప్రభువా, ఆ మగవాడెవడో నాకు చూపించు, నా కండ్లతోటి చూపించు, గంతే సాలు" అని ప్రార్థించాను. ప్రతి శుక్రవారం అదే ప్రార్థన, కన్నీళ్ళతో! పెద్దమ్మ నా భుజం తట్టి "బిడ్డా, పెండ్లాం కోసం గింతగనం ఏడ్వకు, జల్ది కలుస్తరు" అనేది. ఆ మనసుతోనే ప్రభువు బల్ల దగ్గరకు కూడా వచ్చాను, పాస్టరు అయ్యగారూ, మీ చేతి నుంచే రొట్టె తీసుకున్నాను. ఇవాళ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

ఇక నేను చేసిన రెండో ఘనకార్యం వినండి. వీసా ఫైలులో నా ఖాతా కాగితాలు కూడా పెట్టాలి. అందులో చూపించడానికి ఏముంది, మోటారు వైర్ల డబ్బు వచ్చింది, పోయింది. భార్య ఖాతా పక్కన నా ఖాతా బక్కగా కనబడటం నాకు నామోషీ అయింది. మన దగ్గర చేసేదేమిటి? ఎక్కడైనా బ్యాలెన్సు చూపించాలంటే చుట్టాల డబ్బు ఒక నెల మన ఖాతాలో వేయించుకుంటాం, ముద్ర కొట్టించుకొని తిరిగి ఇచ్చేస్తాం, అందులో తప్పేముందని అందరమూ అనుకుంటాం. నిజాంపేటలో మా బావకు వడ్లు అమ్మిన డబ్బు వచ్చింది, "బావా, ఒక్క నెల నా అకౌంట్ల ఉంచు, ఫైలు జర బరువుండాలె" అన్నాను, ఆయన పాపం మంచివాడు, వేశాడు. సువార్తకు చెప్పలేదు. ఆమె దాచితే నేను దాచకూడదా అనుకున్నాను! హైదరాబాదు పోయి ఫైలు ఇచ్చి వచ్చాను, మరుసటి వారమే బావ డబ్బు బావకు ఇచ్చేశాను.

కొన్ని వారాలకు వీసా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు కదా, సందేహంతో అయ్యగారి దగ్గరకు తీసుకొచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని నిదానంగా చదివి "రెండు అడిగిండ్రు దేవదానం" అన్నారు. ఒకటి, నీ ఖాతాలోకి ఒక్కసారిగా వచ్చిన ఈ డబ్బు ఎవరిది? రెండోది, నీ భార్య స్టేట్‌మెంటులో తిండి ఖర్చు కనబడటం లేదు, ఆమె దేనితో బతుకుతోంది? మొదటిది వినగానే "నన్నే అనుమానిస్తరా!" అని నాకు మంట లేచింది. రెండోది వినగానే, చెప్పడానికి సిగ్గవుతోంది సహోదరులారా, నాకు సంతోషం కలిగింది! చూశావా, సముద్రాల అవతలి ఆఫీసరుకు కూడా వాసన తగిలింది, నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి కాదు అని. అయ్యగారు నా ముఖం చూసి "గీ రెండో దానికి జవాబు ఆమెనే చెప్పాలె, అడుగు. కొట్లాడకు, అడుగు" అన్నారు.

షాపుకు వచ్చి ఫోను చేశాను. మధ్యాహ్నం రెండు దాటింది, అక్కడ పొద్దుటి పూట, ఆ రోజు ఆమెకు సెలవు. అయ్యగారు చెప్పింది మర్చిపోయి కొట్లాటకే దిగాను. ఉత్తరం సంగతి చెప్పాను, బావ డబ్బు సంగతి కూడా ఆ కోపంలోనే కక్కేశాను, ఆఖరుకు "ఆరు నెలలు ఎవరింట్ల తిన్నవే? నిజం చెప్పు!" అని అరిచాను. ఎదురు షాపతను బయటికి వచ్చి చూశాడు. ఆమె ఏడవలేదు. "నువ్వు ఫోన్ల నా గ్లాసులు లెక్కబెడ్తవని నాకు తెల్వదనుకున్నవా? రెండేండ్లసంది తెల్సు" అన్నది.

అప్పుడు ఫోను తిప్పి గది మూల చూపించింది. అక్కడ ఒక బియ్యం బస్తా, అడుగున కొంచెమే మిగిలింది, దాని పక్కన మన డబ్బా, అదే వంకర మూత. "పక్క గదిల కేరళ నర్సు నౌకరి మారిపోతూ గీ బస్తా ఇడ్సిపోయింది. డ్యూటీ ఉన్న దినం ఆశ్రమంల ఒక పూట పెడ్తరు, గదే తింట. సెలవు దినం గీ బియ్యం ఉడకేస్కుంట. పిడికెడు దేవునికి తీస్త, ఇంకో పిడికెడు నీకని తీసి మల్ల బస్తాల పోస్త. మిగిలింది తింట" అన్నది. నాకేమీ అర్థం కాక "నాకెందుకే?" అన్నాను. "ఇద్దరికి సరిపోతదని చూపియ్యాలె గద! నీ ఖాతా నిండుగ కనబడాలని నువ్వు బావ పైసలు వేస్కున్నవ్. నా ఖాతా నిండుగ కనబడాలని నేను తినుడు బంద్ వెట్టిన. గంతే, ఇంకేం లేదు."

సహోదరులారా, ఆమె నాకు పంపిన డబ్బుతో నేను ప్రతి ఆదివారం కోడికూర తిన్నాను! తిని, బొక్కలు పక్కన పెట్టి, చేయి కడుక్కొని, ఆమె ఎవరింట్లో తింటోందా అని ఆలోచించాను! ఫోను చేతిలోంచి జారింది. రాగి తీగల మధ్య, నూనె మరకల నేల మీద బోర్లా పడి ఏడ్చాను, ఎదురు షాపతను కరెంటు షాకనుకొని మెయిను ఆపడానికి పరిగెత్తుకొచ్చాడు. నేను మాత్రం "తండ్రీ, ఆ మగవాణ్ణి చూపియ్యమని నిన్ను ప్రతి శుక్రవారం అడిగిన, ఇయ్యాల చూపించినవ్, వాడు నేనే ప్రభువా! దాని నోటి కాడి బువ్వ గుంజుకున్న దొంగను నేనే! నా కండ్లు తియ్యి, కొత్త కండ్లియ్యి" అని మొత్తుకున్నాను. నేను మొత్తుకోవడం ఆగేదాకా ఆమె ఫోను పెట్టేయలేదు. ఆఖరుకు నేల మీద నుంచే "ఇయ్యాల ఏం తిన్నవ్ సువార్తా?" అని అడిగాను. ఆ ప్రశ్న నేను తప్పు పట్టడానికి కాక అడగడం రెండేళ్ళలో అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చింది ఆమె.

మరునాడు అయ్యగారి దగ్గర కూర్చొని జవాబు రాశాం. బావ "నిజం రాస్తే వీసా పోతది, చిట్టీ పైసలని రాయి" అన్నాడు. రాయలేదు. ఈ డబ్బు మా బావ వడ్ల డబ్బు, చూపించడానికి పెట్టుకున్నాను, తిరిగి ఇచ్చేశాను, తప్పు నాది, నా భార్యకు తెలియదు అని రాశాను. ఆమె తన తిండి సంగతి తాను రాసింది.

ఇప్పుడు నేను పాస్‌పోర్టు తీసి చూపిస్తానని కదా మీరు చూస్తున్నారు? వీసా రాలేదు. ఈసారికి ఇవ్వలేమని, సరైన కాగితాలతో మళ్ళీ పెట్టుకోవచ్చని జవాబు వచ్చింది. అయినా దేవునికే మహిమ! ఎందుకంటే మళ్ళీ ఆరు నెలల లెక్క మొదలుపెట్టాం, ఈసారి ఆమె తినే లెక్క. నెలనెలా నాకు డబ్బు పంపడం మాన్పించాను, వీసా రాలేదని రైతులు నవ్వితే నవ్వనీ, మోటార్లు నాకు కూడు పెడుతున్నాయి. మొన్న కొత్త స్టేట్‌మెంటు పంపింది. కూరగాయల దుకాణం, మాంసం దుకాణం, మళ్ళీ కూరగాయల దుకాణం, ఒకచోట కేకుల దుకాణం! ఎర్ర పెన్ను లేకుండా చదివాను, వరుసవరుసకూ స్తోత్రం చెప్పుకుంటూ చదివాను. మునుపటికంటే బ్యాలెన్సు తగ్గింది. ఆఫీసరు ఏమంటాడో నాకు తెలియదు, నా కళ్ళకు మాత్రం ఆ ఖాతా ఇప్పుడే నిండుగా ఉంది.

జబ్బు పూర్తిగా పోయిందా అని అడుగుతారేమో. ఇప్పటికీ ఒక్కోసారి ఫోనులో గ్లాసులు కనబడతాయి, కళ్ళు అటు పోతాయి, "ప్రభువా, పట్టుకో" అంటాను, ఆయన పట్టుకుంటాడు. మీలో ఎవరైనా ఇంటివాళ్ళ ఫోను చాటుగా చూసేవాళ్ళుంటే, జేబులు వెదికేవాళ్ళుంటే, పేర్లు చెప్పను, భయపడకండి, ఇవాళ ఇంటికి పోయి ఎదురుగా కూర్చొని "తిన్నవా?" అని అడగండి. నన్ను కనిపెట్టుకున్న దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టడు, ఆయనను నమ్మండి, మీ మనిషిని కూడా నమ్మండి. ఇంటి దగ్గర నేను కూడా ఒక డబ్బా పెట్టుకున్నాను, అన్నం వండే ముందు రెండు పిడికెళ్ళు తీస్తున్నాను, ఒకటి ఆయనకు, ఒకటి ఆమెకు. ఆయనది ఇదిగో, తెచ్చాను, తీసుకోండి అయ్యగారూ. ఆమెది ఇంట్లోనే ఉంది. మాట ముగిస్తున్నాను, ఇవాళ చెప్పులు చూసుకోకుండా ముందు వరుసలోనే కూర్చుంటాను.