టాన్సీ మూపు మీది తెలుపు

చనిపోయిన రోజు పొద్దున మా అన్నయ్య ఓరిన్ కంబళి ఉతికాడు. జీను కింద గుర్రం వీపు మీద వేసే ఉన్ని కంబళి అది. పశువుల నీళ్ళతొట్టి పక్కన చెక్క మీద పరిచి, సబ్బు పెట్టి, గట్టి బ్రష్షుతో రుద్ది, రెండు చేతులా పిండి, కంచె పైకర్ర మీద ఆరేశాడు. గుర్రానికి తగిలే వైపు లోపలికి మడిచాడు. తరవాత గడ్డిపొలానికి నీళ్ళు మళ్ళించడానికి పార భుజాన వేసుకుని కాలవ దగ్గరికి వెళ్ళాడు. మధ్యాహ్నం పక్క పశువుల రాంచ్ నడిపే బర్ల్ కార్డ్‌వెల్ అటుగా వచ్చి చూస్తే గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. నేను ఊళ్ళోంచి వచ్చేసరికి సాయంత్రమైంది. కంబళి అంచు ఇంకా తడిగానే ఉంది.

అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు. నేను ఊళ్ళో లైబ్రరీ చూసుకుంటాను. ఆదివారం ఆదివారం వెళ్ళి అతనికి వండిపెట్టేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఆ కంబళి ఉతకడమో, ఆరేయడమో చూసేదాన్ని. "ఇలా ఇవ్వరా అన్నయ్యా, మిషన్లో వేసి తెస్తాను" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"నీ మిషన్‌కి గుర్రం సంగతి ఏం తెలుసు లవీ? చిన్న గడ్డిపరక మిగిలినా దాని వీపుకి ముల్లులా గుచ్చుకుంటుంది" అనేవాడు.

నిజమే అనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం ఉంది.

మా నాన్న పేరు చెబితే ఓవైహీ కొండల కింద ఇప్పటికీ పెద్దవాళ్ళు గుర్రాలనే తలుచుకుంటారు. ఎవరైనా గుర్రాన్ని అమ్మకానికి తెస్తే నాన్న పళ్ళు చూసేవాడు కాదు, కాళ్ళు చూసేవాడు కాదు. ముందు జీను దింపించి మూపు మీద చెయ్యి ఆనించేవాడు. జీను సరిపోక ఒరుసుకుని పుండు పడితే, అది మానాక అక్కడ మొలిచే వెంట్రుక తెల్లగా వస్తుంది. మళ్ళీ ఎన్నటికీ రంగు తిరగదు. అలాంటి తెలుపు కనబడితే నాన్న, "ఇదుగో, చేతగానివాడెవడో సంతకం పెట్టి వదిలాడు" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మా హాస్కెట్‌ల కుటుంబం గుర్రాల మీద సంతకాలుండవు అనేది మా ఇంట్లో నాన్న చెప్పే గొప్ప. అన్నయ్య అది వింటూ పెరిగాడు.

నాన్న పోయాక ఆయన జీను అన్నయ్యకి వచ్చింది. పనివాడు తోలు మీద అడవిగులాబీలు చెక్కిన జీను, వెనక అంచున నాన్న పేరు. ముప్పై ఏళ్ళ స్వారీకి కూర్చునే చోటు అద్దంలా నునుపు తేలింది. అన్నయ్య దాన్ని టాన్సీకి వేశాడు. టాన్సీ అంటే ఎర్రటి గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు ఉన్న ఆడగుర్రం. దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి అతనే పెంచాడు.

నాన్న ఎక్కినవన్నీ సన్నటి, ఎత్తు మూపు గుర్రాలు. టాన్సీ వీపు భోజనం బల్లలా వెడల్పు. ఆ జీనులోపలి చెక్క చట్రం దానికి ఇరుకు. ఎవరి కంటికైనా కనబడే విషయమే, అన్నయ్యకి మాత్రం కనబడలేదు. నాన్న జీను తప్పు కాగలదన్న ఊహే అతనికి లేదు.

జీను జారకుండా కట్టే పొట్టపట్టీ బిగించబోతే టాన్సీ చెవులు వెనక్కి పెట్టేది. దిగుడు దారిలో అడుగులు కుదించేది. తోక విసిరేది. "ఆడదాని పొగరు, తిరగ్గా తిరగ్గా దిగుతుంది" అన్నాడు అన్నయ్య. దిగలేదు. మెత్తగా ఉంటుందని కంబళి కింద మరో మందపాటి మెత్త వేశాడు. అసలే ఇరుకైన చెప్పులో మేజోడు తొడిగినట్టయింది. టాన్సీ కరవడం మొదలుపెట్టింది. మా వైపు మగవాళ్ళు చేసే తప్పు అదొక్కటే: గుర్రం నొప్పి అని చెబితే ఇంకో మెత్త వేస్తారు.

ఆ వసంతంలో కార్డ్‌వెల్‌ల దొడ్లో దూడలకి కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే రోజు. చుట్టుపక్కల రాంచ్‌లవాళ్ళంతా వచ్చారు. అన్నయ్య టాన్సీ మీద నుంచి తాడు విసిరి దూడల్ని నిప్పు దగ్గరికి ఈడుస్తున్నాడు. మధ్యాహ్నం దాకా మోసింది. తరవాత పెద్ద దూడ ఒకటి తాడుని గట్టిగా లాగింది. టాన్సీ ఆగిపోయింది, మోకాళ్ళు వంచింది, జనం మధ్య దుమ్ములో కూలబడింది. అన్నయ్య దిగి, తాడు కొసతో దాని పిరుదు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. లేవలేదు.

బర్ల్ భార్య వెర్నమ్మ కాఫీ కూజా పక్కన పెట్టి వచ్చింది. అన్నయ్య చేతిలోంచి తాడు తీసుకుంది. "తప్పుకో నాయనా" అంది. పట్టీలు వదులు చేసి, జీనూ మెత్తా కంబళీ ఒక్కసారే లాగేసింది.

ఆ వీపు నేనూ చూశాను. ఒళ్ళంతా చెమటతో నల్లగా తడిసి ఉంది. మూపుకి రెండు వైపులా మాత్రం అరచెయ్యంత మేర పొడిగా ఉంది. చెమట కూడా పట్టనంతగా నొక్కుకుపోయింది. ఒకవైపు చర్మం లేచి కింద ఎర్రగా కనిపించింది.

ఎవరూ ఏమీ అనలేదు. మా వైపు అదే శిక్ష. ఒకరు తమ రెండో గుర్రం తెచ్చి పగ్గాలు అన్నయ్య చేతికిచ్చారు. భోజనాల దగ్గర బీన్స్ గిన్నె అతనికే ముందుగా అందించారు. అన్నయ్య ఒక్క ముద్ద తినలేదు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, టాన్సీని నడిపించుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

పుండు మానింది. చలికాలపు జుట్టు వచ్చినప్పుడు మూపుకి రెండు వైపులా తెల్లటి మచ్చలు మొలిచాయి. సంతకం పడింది.

ఆ తరవాతి ముద్రల రోజుకి అన్నయ్య టాన్సీ మీదే వెళ్ళాడు. "ఇంకో గుర్రం మీద వెళ్ళరాదూ?" అని అడిగాను. "దీన్ని పాడుచేసి ఇంకోదాన్నెక్కి ఊరేగమంటావా?" అన్నాడు. పని అయ్యాక అందరూ కంచె దగ్గర జీన్లు దింపుతుంటే, అతను టాన్సీని అక్కడ ఆపిన ట్రక్కుల వెనక్కి తీసుకెళ్ళి, ఎవరికీ కనబడకుండా దింపబోయాడు. బర్ల్ చూశాడు. నలుగురిలో నవ్వించడం అతనికి అలవాటు.

"ఏమోయ్ ఓరిన్! కొత్త పెళ్ళికూతుర్లా గుర్రాన్ని చాటుకి తీసుకుపోతున్నావేం? మీ నాన్న ఉంటే ఆ సంతకం ఎవరిదని అడిగేవాడుగా!"

కొందరు నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను గిన్నెలు సర్దుకునే మిషతో లోపలికి వెళ్ళిపోయాను. ఆ తరవాత అతను పొరుగువాళ్ళ దొడ్లకి వెళ్ళడం మానేశాడు. పిలిచినా ఏదో పని ఉందనేవాడు. మా వైపు ఒకరి పనికి ఒకరు వెళ్ళకపోతే మనిషి ఉన్నా లేనట్టే. టాన్సీతో మళ్ళీ నలుగురిలోకి వెళ్ళగలడా లేదా అన్నదొక్కటే అతన్ని తొలిచేది. ఆ ఏడాది ఆదివారాలు మా ఇద్దరి మధ్యా చెంచాల చప్పుడు తప్ప మాటలు లేవు.

చివరికి ఒక శీతాకాలం టాన్సీని ట్రక్కులో ఎక్కించుకుని, కొండల అవతల జీన్లు చేసే యార్బరో ముసలాయన దగ్గరికి బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు. ఒంటరిగా వెళ్ళడానికి ముఖం చెల్లలేదనుకుంటాను.

యార్బరో నాన్న జీనుని తిరగేసి చూసి ఈల వేశాడు. "ఎంత బాగా చేశాడు! మనిషి కూర్చోడానికి దీన్ని మించింది లేదు. గుర్రం అభిప్రాయం మాత్రం కనుక్కున్నట్టు లేదు."

"దీన్ని వెడల్పు చేయలేవా?" అన్నాడు అన్నయ్య.

"లోపల చెక్క, చెక్క మీద పచ్చితోలు బిగించి ఆరబెట్టారు. నా ఎముకల్ని వెడల్పు చేయగలవా నువ్వు? ఇదీ అంతే. గోడకి తగిలించుకో, అందంగా ఉంటుంది."

అన్నయ్య జీను మీది నాన్న పేరుని బొటనవేలితో తడిమాడు. చివరికి, "అయితే టాన్సీ వీపు కొలువు" అన్నాడు.

యార్బరో మెత్తటి తీగని మూపు మీద వంచి, ఆ వంపుని అట్టముక్క మీద గీశాడు. భుజం ఎముక వెనక ఒకటి, వీపు మధ్యలో ఒకటి. తరవాత టాన్సీ వీపు మీద పిండి చల్లి, తోలు తొడగని ఉత్త చట్రాల్ని ఒక్కొక్కటీ పెట్టి తీశాడు. చట్రం అడుగున పిండి ఎక్కడ అంటిందో చూపించాడు. మొదటిది అంచుల్లోనే అంటింది. ఇంకొకటి నడుములో తేలింది. మూడోదానికి రెండు వైపులా పొడుగునా సమంగా అంటింది.

"చూశావా, బరువంతా ఇలా పంచుకోవాలి. భుజం ఆడేందుకు చోటుండాలి. మూపు పైన నీ వేళ్ళు దూరాలి. నువ్వు ఎక్కి కూర్చున్నాక కూడా దూరాలి, అది మర్చిపోతారందరూ. కంబళి ఒక్కటి చాలు. వేసేటప్పుడు ముందుకు వేసి, వెంట్రుక వాలే వైపుకి వెనక్కి జరుపు. జీను పెట్టాక కంబళిని మూపు దగ్గర పైకెత్తి గాలి ఆడనివ్వు. పొట్టపట్టీ ఒకేసారి బిగించకు. కొంచెం బిగించు, నాలుగడుగులు నడిపించు, మళ్ళీ బిగించు. నీ ప్యాంటు బెల్టు ఎవడైనా ఒక్క గుంజు గుంజితే నీకెలా ఉంటుంది?"

"కరుస్తాను" అన్నాడు అన్నయ్య.

"అదీ!" అని యార్బరో అతని వీపు చరిచాడు. ఏడాది తరవాత అన్నయ్య నిజంగా నవ్వడం అక్కడే చూశాను.

కొత్త జీను సాదాది, ఒక్క పువ్వు కూడా లేదు. దానితోపాటు ఉన్నిదారాలు పేనిన పొట్టపట్టీ, చెవుల దగ్గర ఒరుసుకోని వెడల్పాటి తలపట్టీ, మధ్యలో అతుకున్న నున్నటి కళ్ళెం తీసుకున్నాడు. కళ్ళెం ఇనుము చల్లగా ఉంటే అరచేతుల్లో వేడిచేసి గాని టాన్సీ నోట్లో పెట్టేవాడు కాదు. పట్టీ చేతిలోకి తీసుకుంటే చాలు, మొదట్లో అది వణికేది. కొన్నాళ్ళు జీను తెచ్చి చూపించి, మళ్ళీ లోపల పెట్టేసేవాడు. "నువ్వు ఊ అనేదాకా వేయను, సరేనా తల్లీ" అనేవాడు దానితో. ఒక ఆదివారం టాన్సీ కట్టేయకుండానే నిలబడింది. జీను వేయించుకుని, తల తిప్పి అతని చొక్కా జేబు వాసన చూసింది.

ఆ ఏడు కార్డ్‌వెల్‌ల దొడ్డికి టాన్సీ మీద వెళ్ళాడు. రోజంతా పనిచేశాడు. నేను వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సాయంత్రం అందరితోపాటు కంచె దగ్గరే నిలబెట్టి జీను దింపాడు. ట్రక్కుల వెనక్కి వెళ్ళలేదు. అంత దూరం నుంచి నాకు టాన్సీ వీపంతా ఒకే రంగుగా, ఎర్రటి గోధుమరంగుగా కనబడింది. తెల్ల వెంట్రుక రంగు తిరగదని తెలిసి పెరిగిన దాన్ని. అయినా, అంత సేవ చేశాడు కదా, దీనికి మాత్రం తిరిగిందేమో అని నమ్మేశాను. ఇంటికి వచ్చేటప్పుడు అతను ఈల వేస్తున్నాడు. అడగబుద్ధి కాలేదు. అప్పటి నుంచి ఏ దొడ్లో పని ఉన్నా వెళ్ళేవాడు.

అందుకే అతన్ని పూడ్చిపెట్టి వచ్చాక, చర్చి హాల్లో భోజనాల దగ్గర నన్ను రెండు మాటలు చెప్పమంటే, కంబళి గురించి చెప్పాను. చివరి రోజు కూడా స్వయంగా ఉతికాడని, ఒక్క గడ్డిపరక దాని వీపుకి గుచ్చుకోకూడదని తపించాడని, పాడైన వీపుని తన చేతులతోనే బాగుచేసుకున్నాడని చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. అందరూ ఒళ్ళో పెట్టుకున్న టోపీల వైపు చూస్తూ కూర్చున్నారు. వెర్నమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. బర్ల్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. దుఃఖం అనుకున్నాను.

వానలు పడ్డాక టాన్సీని తీసుకురావడానికి వెనక పచ్చికలోకి వెళ్ళాను. వెర్నమ్మ దాన్ని తమ దగ్గర ఉంచుకుంటానంది. దగ్గరికి వెళ్ళేసరికి మూపుకి రెండు వైపులా తెల్లగా, పాలు ఒలికినట్టు మచ్చలు. ఎక్కడికీ పోలేదు. జీన్ల కొట్లోకి వచ్చి కళ్ళెం కోసం పెట్టె తెరిస్తే, అడుగున పాత గుడ్డ కింద బూట్ల పాలిష్ డబ్బాలు రెండు ఉన్నాయి. ఒకటి ముదురు గోధుమరంగు, ఒకటి లేత. శీతాకాలపు జుట్టు ముదురు, వేసవి జుట్టు లేత కదా. మా అన్నయ్య జన్మలో బూట్లకి పాలిష్ వేసినవాడు కాదు. కంచె మీది కంబళి నేనే తీసి మడతపెట్టాను గాని, విప్పి చూడలేదు. అప్పుడు విప్పాను. లోపలి వైపు, మూపు తగిలే రెండు చోట్లా, ఎంత రుద్దినా వదలని గోధుమరంగు మరక.

హాల్లో నేను మాట్లాడింది గుర్తొచ్చి, కొట్లో ఒక్కదాన్నే ఉన్నా ముఖం కప్పుకున్నాను.

టాన్సీని వెర్నమ్మ వాకిట్లో అప్పగించాను. ఆవిడ దాని మూపు నిమిరింది. తెలుపు చూసి ఆశ్చర్యపోలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"చెమట పట్టాక రంగు కారేది కదమ్మా. అందరికీ తెలుసు" అంది. "వాడు జీను దింపుతుంటే మేమంతా కాఫీ దగ్గరికి వెళ్ళేవాళ్ళం."

"ఒక్కరైనా చెప్పలేదేం వాడికి?"

వెర్నమ్మ పగ్గం చేతికి చుట్టుకుంది.

"ఆ లేతరంగు పాలిష్ ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వాడరు. ఒక ఏడు దుకాణంవాడు తెప్పించడం మానేశాడు" అంది. "మా బర్ల్ వెళ్ళి మళ్ళీ తెప్పించాడు."