సంచిలో అంటుకత్తి

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో, నాలుగు రోజులు బడి సంచిలో కత్తి పెట్టుకుని తిరిగాను. నువ్వా, కత్తా అని మా పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మాది నూజివీడు పక్క ఊరు, ఊరికి ఎడంగా మా పేట. మా వాళ్ళంతా ఊళ్ళోవాళ్ళ మామిడి తోటల్లో పనికి వెళ్ళేవాళ్ళు. గాలివానకి రాలిన కాయలు పనివాళ్ళు తీసుకోవడం మామూలే. ఆ ఏడు ధర బాగుందని తోట ఆసామి ఆ మామూలు తీసేశాడట, మాకెవరూ చెప్పలేదు. నాన్న నాలుగు కాయలు కండువాలో కట్టుకున్నందుకు తోట కావలివాళ్ళు కర్రలతో కొట్టారు. క్యారేజీ తీసుకెళ్ళిన నేను అంతా చూశాను. నాన్న లేచి, కొట్టినవాళ్ళకే దండం పెట్టి "తప్పైపోయిందండీ" అన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఆసామి కొడుకు మా క్లాసే. కావలివాళ్ళ దగ్గర విన్నాడేమో, మర్నాటి నుంచీ నాన్నలా దండం పెట్టి చూపించి అందర్నీ నవ్వించేవాడు.

మా తాతయ్య నర్సరీలో మామిడి అంట్లు కట్టేవాడు. అంట్లు కోసే కత్తిని రోజూ పొద్దున్నే నూరి, గుడ్డలో చుట్టి చూరులో పెట్టేవాడు. దాంతో ఉల్లిపాయ కూడా కోయనిచ్చేవాడు కాదు. రెండు రోజులు చూరు వంకే చూశాను, మూడో రోజు తీసి సంచిలో వేసుకున్నాను.

నాలుగు రోజులు మోశాక, కుళాయి దగ్గర వాడు మళ్ళీ దండం పెట్టాడు. కత్తి తీసి వాడి చేతి మీద గట్టిగా లాగాను. తెల్లటి గీత పడింది, అంతే. వాడు కూలబడి ఏడ్చాడు. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆడపిల్లకి భయపడ్డానని చెప్పుకోలేకపోయాడేమో.

ఇంటికి పరిగెత్తాను. జ్వరమని చెప్పి ఆ నాలుగు రోజులూ పనికి పోని తాతయ్య అరుగు మీద కూర్చునున్నాడు. కత్తి ఆయన ముందు పడేశాను.

"తెగదమ్మా" అన్నాడు. "నువ్వు చూరు వంక చూసిన రోజే పదును పోయేదాకా గరుకు రాయికేసి అరగదీశాను. దాచేస్తే కొడవలి తీసేదానివి." కత్తిని పక్కకి జరిపి, "మీ నాన్నని కొడితే ఏం చెయ్యలేకపోయాను" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

ఆ కత్తికి మళ్ళీ మునుపటి పదును రాలేదు. అంట్లు కట్టే ఆ వానాకాలమంతా, అంత పనిమంతుడు, గుంటలు తవ్వే కూలికి వెళ్ళాడు.

నాన్నని కొట్టినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. ఆ కోపం నాకు తగ్గలేదు, తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ మనవరాలు బడి నుంచి మౌనంగా వస్తే పని ఆపేసి పక్కన కూర్చుంటాను, ఏం చూశావమ్మా అని అడుగుతాను. నన్ను ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. తాతయ్య కూడా అడగలేదు. అడిగితే నాకేం చెప్పాలో పాపం ఆయనకీ తెలియదు.