కల్లంలో ఆట

చెన్నైలో పెరుగుతున్న మా నాలుగేళ్ల అమ్మాయికి అప్పట్లో కొత్త ఊరంటే కొత్త జారుడుబల్ల. అందుకే ఎక్కడికెళ్లినా ముందు పార్కు ఎక్కడుందని అడగడం నాకు అలవాటైపోయింది.

రెండువేల ఆరు ప్రాంతంలో, భద్రాచలం వెళ్తుంటే జూలూరుపాడు దాటాక బస్సు టైరు పంక్చరైంది. పొద్దుటి నుంచి సీట్లో కూర్చుని విసిగిపోయిన పిల్ల, దిగగానే ఏడుపు అందుకుంది. ఎటు చూసినా చేలు, వాటి వెనక అడవి. కాస్త ముందుకు నడిస్తే రోడ్డు పక్కనే పేడతో అలికిన విశాలమైన నేల కనిపించింది. రాయి లేదు, ముల్లు లేదు. ఇంతకన్నా మంచి పార్కు ఎక్కడ దొరుకుతుంది? ఇద్దరం అందులో పరుగులు మొదలుపెట్టాం.

"ఓ బిడ్డా, ఆగు ఆగు!" అంటూ పక్క చేనులోంచి ఒక పెద్దావిడ వచ్చింది.

నేను గబుక్కున పిల్లను ఎత్తుకున్నాను. "తెలియక వచ్చామండీ, వెళ్లిపోతాం."

"పొమ్మని ఎవలన్నరు? పోరిని ఆడుకోనియ్యి. చెప్పులిడిసి రాండ్రి. ఇది కల్లం."

ఖాళీ నేలకు అంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాలేదు. "ఇప్పుడు ధాన్యం ఏమీ లేదుగా?" అని అడిగాను.

"రేపు పోస్తం గద. పొయ్యి ఆరిందని వంటింట్లకు చెప్పులతోటి పోతవా ఏంది?"

చెప్పులు గట్టు మీద వదిలేశాం. బస్సు హారన్ మోగేదాకా పిల్ల ఆ చల్లటి నేల మీద పరుగెత్తుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం, మా వీధి చివరి పార్కు గేటు దగ్గర అమ్మాయి ఆగిపోయింది. బూట్లు విప్పి పక్కన పెట్టి, నా కాళ్ల వైపు చూసింది.

"అమ్మా, చెప్పులు."