తప్పు చూపించే బాణం

బుల్లెమ్మగారి నోట "బాగుంది" అన్న మాట వినాలంటే పెట్టి పుట్టాలి. చిక్కడపల్లి సందులో, మేడ మీద, ఆవిడ ముప్ఫై ఏళ్ల పైచిలుకు టైపు నేర్పారు. ఆవిడ దగ్గర నేర్చుకుని, ఉద్యోగాలు చేసి, రిటైరై మనవల్నెత్తుకున్నవాళ్లు కూడా ఆవిడ నారాయణగూడ చౌరస్తాలో ఎదురైతే చేతులు వెనక్కి దాచుకుంటారు. మిషను మీంచి చెయ్యి తీస్తే స్కేలు పడేది మరి. ఎనిమిది వేళ్లూ ఎనిమిది అక్షరాల మీద కాపురం ఉండాలి, ఏ వేలు పుట్టింటికి వెళ్లినా వెంటనే తిరిగొచ్చెయ్యాలి అన్నది ఆవిడ మొదటి పాఠం.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. నేర్చుకునేవాళ్లు తగ్గారు, మిషన్లు పాత ఇనుము కొట్టుకి చేరాయి. గోడ మీద టైపు స్కూలు బోర్డును మాత్రం ఎవరూ పీకలేదు. ఆ బోర్డు చూసే ఒక మధ్యాహ్నం రమ్య మెట్లెక్కింది.

రమ్యది సిద్దిపేట దగ్గర పల్లె. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదువుతోంది. టైపిస్టు కొలువుకి రాతపరీక్ష గట్టెక్కింది, ఇక టైపింగ్ పరీక్ష మిగిలింది. అది పోతే ఇన్నాళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

"మిషన్లు లేవమ్మాయ్, అన్నీ అమ్మేశాం," అన్నారు బుల్లెమ్మగారు.

"నేర్పుడైతే వస్తది గద మేడం," అంటూ రమ్య బ్యాగులోంచి టాబ్లెట్ తీసింది. క్లాసుల వీడియోలు చూసుకోవడానికి కొనుక్కున్నదట. "దీని మీదనే కొడుతున్న. రెండు బొటనవేళ్లతోటి మస్తు స్పీడ్ వస్తది."

బొటనవేళ్లు అన్న మాటకి ఆవిడకి ఒళ్లు మండింది. వాటిని మాటల మధ్య జాగా కొట్టడానికి తప్ప భగవంతుడు పుట్టించలేదని ఆవిడ గట్టి నమ్మకం. టాబ్లెట్‌ని బల్ల మీద పెట్టించి, కుర్చీ జరుపుకుని, నిటారుగా కూర్చుని, ఎనిమిది వేళ్లూ అద్దం మీద ఆనించారు. అంతే, ఆవిడ ఏమీ కొట్టకుండానే తెర నిండా అక్షరాలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి.

"ఇదేంటమ్మాయ్, ఊరికే చెయ్యి పెడితే వాగుతోంది," అన్నారు.

అద్దం మీద కాపురం కుదరదని తేలిపోయింది. కోడలు ఆమని అటక మీంచి పాత కంప్యూటర్ కీబోర్డు దింపి దుమ్ము దులిపింది. దాని తీగ టాబ్లెట్‌కి పట్టకపోతే, రమ్య నారాయణగూడలో సెల్‌ఫోన్ల కొట్టుకెళ్లి, మధ్యలో తగిలించే చిన్న ముక్క కొనుక్కొచ్చింది. తగిలించగానే అక్షరాలు బుద్ధిగా ఒక్కొక్కటే వచ్చాయి. పాఠాలు మొదలయ్యాయి.

రెండో చిక్కు బుల్లెమ్మగారితోనే వచ్చింది. తప్పు కనబడితే కాగితం మీద వేలు పెట్టి చూపించడం ఆవిడకి జన్మతో వచ్చిన అలవాటు. "ఇదిగో, ఇక్కడ చూడు," అని తెర మీద వేలు పెట్టేవారు. టాబ్లెట్ ఇక్కడే రాయమన్నారు కాబోలనుకునేది. రమ్య కొడుతున్న మాటలు ఎక్కడో పై వరుస మధ్యలో దూరిపోయేవి. పిల్ల పరేషాన్ అయ్యేది, ఈవిడ కసురుకునేవారు. చివరికి ఆమనే ఒక మౌస్ తెచ్చి అదే ముక్కకున్న రెండో కంతలో తగిలించింది. తెర మీద చిన్న బాణం వచ్చింది. దాన్ని నొక్కకుండా తప్పు మీద నిలబెడితే చాలు, ఏదీ కదలదు. ఆ రోజు నుంచి రమ్యకి కీబోర్డు, ఆవిడకి మౌస్. ఆ బాణంతో తప్పు కింద అటూ ఇటూ గీస్తూ ఉంటే ఆవిడ మొహంలో పాత కళ వచ్చింది. స్కేలు లేని లోటు తీరిందని ఆమని నవ్వేది.

పిల్ల చురుకైనది. వేళ్లు కుదురుకున్నాయి, వేగం పెరిగింది. తప్పులు తగ్గుతూ తగ్గుతూ అసలు కనిపించడమే మానేశాయి. బాణానికి పని లేకుండా పోయింది. ఒక సాయంత్రం పేజీ అంతా చూసి, బుల్లెమ్మగారు "బాగుంది" అనేశారు. అని ఊరుకోలేదు, పక్కింటి మంగకి, పాలు పోసే ఆవిడకి, కూరల బండి దగ్గర నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పుకున్నారు. నా దగ్గర ఒక పిల్ల ఉంది, పేజీకి ఒక్క తప్పు పడదు అని.

పరీక్ష దగ్గర పడింది. రమ్య ముందు గదిలో కొడుతోంది, ఈవిడ వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. టకటకల మధ్య ఒక తడబాటు వినిపించింది. రెండు మీటలు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడు. ఆవిడ లేచి వెళ్లి చూశారు. తెర మీద తప్పు లేదు. వెనక్కి వెళ్లారు. మళ్లీ అదే చప్పుడు. మళ్లీ వచ్చి చూశారు, మళ్లీ లేదు.

"ఇప్పుడు కొట్టిన మాటనే అక్షరాలు తారుమారు చేసి కొట్టు," అన్నారు.

రమ్య కావాలని తప్పుగా కొట్టింది. జాగా మీట నొక్కగానే ఆ మాట చల్లగా సర్దుకుని ఒప్పయి కూర్చుంది. ఆమని కూడా వచ్చి చూసింది.

"అదే దిద్దేస్తుంది అత్తయ్యగారూ, ఫోనులో లాగానే," అంది ఆమని.

"కీబోర్డు పెడితే గట్ల దిద్దదనుకున్న," అంది రమ్య, నీరుగారిపోయి. "పరీక్షల కంప్యూటర్ దిద్దదు గద మేడం."

బుల్లెమ్మగారు మౌస్ పట్టుకుని, ఆమని చెబుతూ ఉంటే, సెట్టింగుల్లోకి వెళ్లి ఆ దిద్దుబాటుని ఆపేశారు. మళ్లీ కొట్టించారు. పేజీ నిండా తప్పులే. రమ్య కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చింది.

"గిప్పుడెట్ల మేడం? పరీక్ష మీదికొచ్చింది."

పిల్లల్ని తిట్టడం ఆవిడకి వచ్చు, తనని తాను తిట్టుకోవడం కొత్త.

"తప్పు నాది రమ్యా. తెర చూసి మురిసిపోయాను, నీ వేళ్లు చూడలేదు. లే, మొహం కడుక్కురా. వేగం సంగతి మర్చిపో."

మళ్లీ నడక నేర్చుకున్నట్టు నెమ్మదిగా మొదలుపెట్టారు. ఈసారి టాబ్లెట్‌ని ఆవిడ తన వైపుకి తిప్పేసుకున్నారు. రమ్యకి తెర కనిపించదు. కొట్టడం ఆపి, ఎక్కడ తప్పు పడిందో చూడకుండా చెప్పాలి. చెప్పలేకపోతే ఆవిడ తెర ఇటు తిప్పి బాణంతో చూపిస్తారు. మొదట్లో పిల్లకి ఒక్కటీ తెలిసేది కాదు, బాణం తెరంతా తిరిగేది. రానురాను, "మూడో లైన్ల ఏదో పడ్డది మేడం," అనడం మొదలైంది. పరీక్షకి వెళ్లేనాటికి కూడా తప్పులు పూర్తిగా పోలేదు. ఆవిడ "బాగుంది" అనలేదు, రమ్య ఆశించనూ లేదు.

పరీక్ష హాల్లోంచి రమ్య హాస్టల్‌కి పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది. గుమ్మంలోనే ఆవిడ అడిగారు.

"ఎన్ని పడ్డాయి?"

"మూడు మేడం. స్క్రీన్ దిక్కు సూడనే లేదు, పడంగనే వేలికే ఎర్కైంది. రెండు దిద్దిన. ఒకటి అట్లనే ఉన్నది."

బుల్లెమ్మగారు లోపలికి వెళ్లి అన్నం వడ్డించి, నెయ్యి మామూలుకంటే ఎక్కువే వేశారు.

చాలా రోజులకి ఫలితాలొచ్చాయి. రమ్య ఊరి నుంచి ఫోను చేసింది. మాట తడబడుతోంది.

"మేడం, నౌకరి వచ్చింది."

"తప్పు పడగానే వేలికే తెలిసిందన్నావే, నాకు ఆ రోజే తెలుసు."

"మరి చెప్పకపోతిరి. గిన్ని దినాలు నాకు నిద్ర లేదు."

"నువ్వడగలేదు," అన్నారు బుల్లెమ్మగారు. ఎప్పుడు చేరాలో, ఏ ఊళ్లోనో కనుక్కుని, జాగ్రత్తలు చెప్పి ఫోను పెట్టేశారు. తర్వాత చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే కూర్చున్నారు. ఆమని చూసి కూడా చూడనట్టు కూర తరుక్కుంటూ ఉండిపోయింది.