దయ్యాల బంగళా మెట్టు మీద కోడి కొళంబు

మా చిన్నప్పుడు... తమిళనాడులో మా ఊరి చివరి పాత జమీన్ బంగళా ముందు నుంచి కోడికూర తీసుకెళ్లాలంటే గిన్నె మీద బొగ్గుముక్క, వేపరెమ్మ పెట్టాల్సిందే. జమీన్ వంటామె ఆకలితో చచ్చి దయ్యమైందట... మిట్టమధ్యాహ్నం కూర వాసన తగిలితే వెంటపడుతుందట!

అలాంటి చోట మా పెద్దమ్మ భోజనాల అంగడి పెట్టింది. పెదనాన్న నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు మరి. కోవిల్‌పట్టి బస్సులు ఆగేచోట, ఆ బంగళా గోడ పక్కన జాగా ఖాళీగా ఉంది... దయ్యం పుణ్యమా అని!

సజ్జ సంగటి, నాటుకోడి పులుసు. పులుసుని మా ఇళ్లలో కొళంబు అంటాం. మిరియాలు, ధనియాలు, ఎండుమిరప వేయించి, కొబ్బరితో రోట్లో నూరి, చిన్న ఉల్లిపాయలు నువ్వులనూనెలో మగ్గబెట్టి... రాస్తుంటేనే నోరూరుతోంది. కానీ రెండు రోజులు ఒక్కరూ తినలేదు. దయ్యం ఎంగిలి చేసిన కూడు ఎవరికి కావాలి?

మూడోరోజు పెద్దమ్మ, "ఈ పొద్దు కూడా ఎవురూ రాకుంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూలికి పోతా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఊరందరి మీదా ఒళ్లు మండింది.

"నాకు పెట్టు పెద్దమ్మా" అని బంగళా మెట్టు మీదే ఆకు వేసుకుని కూర్చున్నాను. బంగళా తలుపు వైపు చూడకుండా తినసాగాను... బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఒక గంటె... రెండో గంటె... మూడోది అడిగేసరికి "పాపకి దయ్యం పట్టేసినాది!" అని ఎవరో అరిచారు.

దయ్యాలు వదిలించే తాత వేపకొమ్మతో ఉరికొచ్చాడు.

"ఎవురే నువ్వు?"

నా పేరు చెప్పాను.

"నిజం చెప్పు! ఏమి కావాల నీకు?"

"ఇంగో గంటె కొళంబు తాతా... శానా బాగుండాది!"

తాత నా మొహం చూశాడు. ఆకు చూశాడు. కొమ్మ కింద పడేసి నా పక్కనే చతికిలబడి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"నాకూ ఒక ఆకు వెయ్యి మా!"

ఇంక చూడాలి... బస్సు వచ్చినా ఎక్కకుండా తిన్నారు జనం! కుండ ఖాళీ అయ్యాక పెద్దమ్మ నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. ఎంత గర్వపడ్డానో! ఆమె ఫ్యాక్టరీ గడప ఎన్నడూ తొక్కలేదు.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. బంగళా కొట్టేసి రోడ్డు వేశారు. అంగడిని పెద్దమ్మ కూతురు, మా అక్క నడుపుతోంది, కార్లలో వచ్చి తింటున్నారు. ఈ కాలం పిల్లలకి భయపడటానికి ఒక దయ్యమైనా మిగల్లేదు పాపం...

మరి మీరు? చిన్నప్పుడు ఏ దయ్యాన్ని ఓడించారు... ఏం తిని?