అక్క మెడలో గడ్డ, బంద్ రోజు ఆపరేషన్

మొన్న కూకట్‌పల్లి నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి, తన భర్త దవడ కింద లేచిన గడ్డకు ఆపరేషన్ చేసే ముందురోజు దానికి రక్తం అందించే నాళాలను మూసేస్తామంటున్నారని, నేను నర్సుగా పనిచేసినదాన్ని కనుక అదేమిటో కాస్త చెప్పమని అడిగింది. చెప్పాను గాని, ఫోన్ పెట్టేశాక మా అక్క ఆపరేషన్ రోజులే గుర్తొచ్చాయి.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇవాళ బంద్ ఉందో లేదో కనుక్కోకుండా పాలప్యాకెట్టు కోసమైనా గడప దాటేవాళ్లం కాదు. నేనప్పుడు మాదాపూర్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. లింగంపల్లిలో ఉండే మా అక్కకు మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. వేలు పెడితే నాడిలా కొట్టుకునేది. మెదడుకు పోయే పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని పెరిగిందని, నేరుగా కోస్తే రక్తం ఆపడం కష్టమని డాక్టర్లన్నారు. అందుకని ముందు తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టాన్ని మెడదాకా పంపి, ఇసుకరేణువుల్లాంటి పొడితో గడ్డకు రక్తం పోయే దారులు మూసి, అవి మళ్లీ తెరుచుకోకముందే, ఒకటి రెండు రోజుల్లో, గడ్డ తీసేయాలి. ఆ రేణువుల్లో కొన్ని దారితప్పి మెదడుకు పోతే పక్షవాతం. మా ఇంట్లో ఆ మాట పూర్తిగా అర్థమైనది నాకొక్కదానికే; అర్థం కాకపోతే ఎంత బాగుండునో అనుకున్నాను.

మాటా కదలికా ఎప్పటికప్పుడు చూసుకోవాలని అక్కకు పూర్తి మత్తు ఇవ్వలేదు. మా ఆసుపత్రిలోనే, గొట్టం వేసే గది గాజు ఇవతల నిలబడి మైకులో వింటున్నాను. డాక్టరు పేరడిగితే చెప్పింది, కుడిచెయ్యి ఎత్తమంటే ఎత్తింది. కూతురి పేరడిగితే మాత్రం పలకలేదు. డాక్టరు గొట్టం కదపడం ఆపి మళ్లీ అడిగారు. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ మొదటి మాట దగ్గరే ఆగిపోయాయి. అప్పుడు సన్నగా, "నోరెండిపోయిందండీ, కాసిని నీళ్లివ్వండి" అని వినిపించింది. ఆ తర్వాతే కూతురి పేరు చెప్పింది.

ఆ గండం గడిచిందనుకుంటే, మర్నాడు ఆపరేషనైతే, ఆ రోజే బంద్ అని సాయంత్రం టీవీలో వచ్చింది. ఆపరేషన్ చేసే డాక్టరుగారి ఇల్లు ఊరికి ఆ చివర. రక్తమిస్తామన్న మా పిన్ని కొడుకులిద్దరూ రాలేమని ఫోన్ చేశారు. మూసిన దారులు తెరుచుకుంటాయేమోనన్న భయంతో నాకు కాలు నిలవలేదు. మా పుట్టింటివాళ్లం ఆంధ్రావాళ్లం; అక్క భర్త, మా బావగారు తెలంగాణవారు, రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవారు. ఆ విషయం మీద వాదించి వాదించి, చివరకు నేనే ఆయనతో మాటలు మానేశాను. ఆయన లేచి, "నువ్వు ఫికర్ జెయ్యకు. నెత్తురు సంగతి నేను జూస్త" అని బయటికి నడిచారు. నేను నమ్మలేదు.

తెల్లవారాక నలుగురు మనుషులతో తిరిగి వచ్చారు. శిబిరంలోవాళ్లే, లింగంపల్లి నుంచి నడిచి వచ్చారట. సూది గుచ్చుతుంటే వాళ్లలో పెద్దాయన, "జర జల్దీ తీస్కో అమ్మా, మళ్ల పోయి రోడ్డు మీద కూసోవాలె" అన్నాడు. అరగంట పడుకోవాలని నేను గద్దిస్తే నలుగురూ బుద్ధిగా పడుకున్నారు. డాక్టరుగారు చీకటితోనే బయల్దేరి అంబులెన్సులో వచ్చారు. ఐదు గంటలు బావగారూ నేనూ ఒకే బల్లమీద కూర్చున్నాం. గడ్డ మొత్తం బయటికి వచ్చేసింది, రక్తం పెద్దగా పోలేదు. ఆ నలుగురి రక్తమూ ఇంకెవరికో పనికొచ్చింది. అక్క గొంతు మాత్రం బొంగురుపోయింది, ఇప్పటికీ అంతే.

రాష్ట్రం వచ్చింది, బావగారు కన్నుమూశారు. ఇప్పుడు రక్తం కావాలంటే ఫోనులో ఒక సందేశం పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ఇచ్చి వెళతారు, మంచిదే. కాని ఆ రోజుల్లో పడనివాళ్లకు కూడా ఒకరింటి కష్టం ఒకరికి తెలిసేది. మా అపార్టుమెంటులో ఇప్పుడెవరూ ఎవరితోనూ వాదించరు. పక్క తలుపు వెనక ఎవరు ఏ భయంతో కూర్చున్నారో ఎవరికీ తెలియదు.