బూందీకి తీసిన ముద్ద

ఇట్లా దగ్గరికొచ్చి కూర్చో చిట్టీ. నేను చెప్పింది ఆ ఫోన్లో రాస్తానన్నావు కదా, మధ్యలో బొమ్మలు చూడకుండా సరిగ్గా విను. వంటింట్లో మీ అమ్మ ఉల్లిగడ్డ పిసుకుతోంది, వాసన వస్తోందా? కాల్చిన మిరపకాయ, చింతపండు, పచ్చి ఉల్లిగడ్డ. పచ్చిపులుసు వాసన తగిలితే నాకు ముందు ఆకలి వేయదు, హసన్‌పర్తిలో మా పక్కింటి రాహేలు టీచరమ్మ గుర్తుకొస్తుంది. ఆమె వెనకాలే బూందీ వస్తుంది.

బూందీ ఆమె కుక్క. తల్లి పొమేరియన్, తండ్రి మా వాడకట్టు కుక్కే. చంకలో ఇమిడేంత ఒళ్లు, ఒక చెవి నిక్కి, ఒక చెవి మడిచి. అంత చిన్న ప్రాణి, ఎండుటాకు కదిలినా వాడంతా లేపేది. టీచరమ్మ రిటైరై ఒక్కతే ఉండేది. ఆమె ఏ గదిలోకి పోతే అది ఆ గదిలోకి. చర్చి నుంచి తిరిగొచ్చేదాకా ఆమె పాత చెప్పు మీద గదుమ ఆనించి పడుకునేది. మధ్యాహ్నాలు వరండాలో ఒళ్లో వేసుకుని దువ్వుతుంటే, ఊడిన బొచ్చు పత్తిలా తేలుతూ మా ఇంటిదాకా వచ్చేది. బియ్యం ఏరుతూ అది చూస్తుంటే నాకు కళ్లు మూతలు పడేవి. దువ్వుతూనే చెవుల్లోకి చూసేది, వేళ్ల మధ్య పిడుదులు వెతికేది, పెదవెత్తి చిగుళ్లు చూసేది.

"గింత ఎండల గా బొచ్చెందుకు టీచరమ్మా, గీకియ్యరాదు?" అని నేనంటే, "గా బొచ్చే దానికి గొడుగు వదినా" అని నవ్వేది. "రోజూ చూడాలె. నోరు లేని జీవి, ఏదన్న తేడా వస్తె మనకే తెల్వాలె."

మీ తాత సంగతి వేరు. "కుక్క గడప దాటిందో, ఊకోను!" అని గద్దించేవాడు. అదేమో మా ఇంటికొస్తే ముందుకాళ్లు గడపకు ఆనించి, లోపల ఒక్క గోరు కూడా పెట్టకుండా ఆయననే చూస్తూ కూర్చునేది.

ఒక ముసురు రోజు బూందీ మొరగలేదు. పాలబండి వచ్చినా లేవలేదు. టీచరమ్మ పెదవెత్తి చూసి నన్ను కేకేసింది. "వదినా, జర ఇటు రా. చిగుళ్లు తెల్లగ పాలిపోయినయి. ఇది పోతె నాకెవరున్నరు?" గంపలో పాత చీర పరిచి దాన్ని పడుకోబెట్టుకుని ఆటో ఎక్కాం. ఎవరూ పిలవకుండానే మీ తాత డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

పశువుల దవాఖానలో డాక్టరు రక్తం బాగా తగ్గిందన్నాడు. ఏం పెడుతున్నారని అడిగాడు.

"పెరుగన్నం, ఉడికిచ్చిన కోడిముక్క. గంతే సారు."

"ఇంకేమన్నా తిన్నదేమో గుర్తు చేసుకోండమ్మా. తెలిస్తేనే మందు సరిగ్గా పడేది."

గోడకు ఆనుకున్న మీ తాత నేల చూపులు చూస్తూ అన్నాడు: "పచ్చిపులుసన్నం. రోజూ నా పళ్లెంల మొదటి ముద్ద. గడప కాడ పెడ్తాన. దానికి మస్తు ఇష్టం సారు."

నేను చటుక్కున ఆయన వైపు తిరిగాను. గద్దించిన మనిషేనా! పచ్చిదైనా వండిందైనా ఉల్లిగడ్డ కుక్క రక్తాన్ని విరిచేస్తుందట, అది మాకెవరికి తెలుసు? సెలైన్ ఎక్కుతుంటే మీ తాత తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. "నా చేతులతోనే చంపుకుంటి గదా టీచరమ్మా."

ఆమె బూందీ మడత చెవిని నిమిరింది. తర్వాత అంది: "ముద్దు చేసుడు తప్పు గాదన్నా. ముద్దు చేసేముందు, వాళ్లకేం పడ్తదో జర అడుగు."

ఆయనకు చెప్పిన మాట నాలో దిగిపోయింది. మీ అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, "కారం ఎంత తింటవు బిడ్డా?" అని నేను అడిగి వండింది అందుకే. నీకు జ్వరమొస్తే, దుప్పటి కప్పాలా తియ్యాలా అని అడిగేదీ అందుకే.

బూందీ చిగుళ్లకు మెల్లమెల్లగా ఎర్ర జామపండు లోపలి రంగు వచ్చింది. అది మళ్లీ పాలబండిని చూసి మొరిగిన పొద్దున వాడంతా బయటికొచ్చి నవ్వింది. ఆ తర్వాత మీ తాత పులుసు పోసుకోకముందే ఒక ముద్ద పక్కకు తీసి, గోడ మీంచి అరిచేవాడు: "టీచరమ్మా, ఉత్తన్నం పెట్టొచ్చునా?"

"పెట్టు అన్నా, ఉప్పు లేకుంట!"

గడప ఎప్పుడు దాటించాడో నాకే తెలియదు. ఒక మధ్యాహ్నం చూస్తే ఆయన పీట పక్కనే నిద్రపోతోంది, కాళ్లు మెల్లగా కదులుతున్నాయి. "ష్, కలల ఎవల్నో ఉరికిస్తాంది. చప్పుడు చెయ్యకు" అన్నాడు.

ఇప్పుడు ముగ్గురూ లేరు. అయినా నేను పులుసు పోసుకోకముందు ఒక ముద్ద పక్కకు తీస్తాను, చూశావు కదా. ఎవరికి నానమ్మా అని మొన్న అడిగావు. నిజానికి ఆ ముద్ద...

"అత్తమ్మా! అన్నం సల్లారుతాంది, రాండ్రి!"

వస్తాన బిడ్డా! పులుసు అప్పుడే పొయ్యకు, నన్ను ముద్ద తియ్యనియ్యి. ఆఁ, ఏం చెప్తున్నాను చిట్టీ, ఆ ముద్ద ఎవరికంటే, గడప కాడ కూర్చుని చూసే మా బూందీకి.